పెట్టె ఇచ్చట, తాళపుచెవి అచ్చట

వీధిదీపము వెలుగని నాడు పౌరుడు దేశాధ్యక్షుని తలచుకొనడు, పురపాలక సంఘమును తలచుకొనును. కుళాయిలో నీరు రాకపోయినను, మురుగుకాలువ పొంగినను, రోడ్డు గుంటలు పడినను మొట్టమొదట మాట పడునది స్థానిక సంస్థయే. ప్రజలకు అత్యంత సమీపముననున్న ప్రభుత్వము అది. అయితే పని విషయములో అది ఎంత సమీపమున ఉన్నదో, పన్ను వేయు అధికారము దానికి అంత దూరమున ఉన్నది.

ఈ స్థితి మన దేశమునకు మాత్రమే పరిమితమైనది కాదు. సంపన్న దేశమని పేరొందిన అమెరికా సంయుక్త రాష్ట్రములలో సైతము నగరములు, కౌంటీలు తమ ఖజానా పెట్టెకు తాళపుచెవి కొరకు వాషింగ్టను వైపు చూడవలసి వచ్చినది. అర్ధశతాబ్దికి పైగా అచ్చటి స్థానిక సంస్థలను వెంటాడిన ధనసమస్యలు రెండు కలవు. ఒకటి, విమానాశ్రయములకు నిధులు. రెండవది, ఊరి వెలుపలి వర్తకుడు తపాలా ద్వారానో, తరువాతి కాలమున ఇంటర్నెట్ ద్వారానో పంపిన సరకుపై అమ్మకపు పన్ను. ఒకటి ఆకాశమునకు చెందినది, మరొకటి అంగడికి చెందినది. పైకి చూడ ఈ రెంటికిని సంబంధము లేనట్లు తోచును. కాని రెండింటికిని మూలము ఒక్కటే అని ఈ ప్రసంగములో మేము చూపదలచినాము.

మొదట అచ్చటి స్థానిక సంస్థల నిర్మాణమును గురించి రెండు మాటలు. అమెరికా రాజ్యాంగములో కేంద్ర ప్రభుత్వమునకును రాష్ట్రములకును స్థానము కలదు. నగరము, కౌంటీ అను మాటలకు అందులో చోటు లేదు. అవి రాష్ట్రముల సృష్టి. 1868లో అయోవా రాష్ట్ర న్యాయమూర్తి జాన్ ఫారెస్ట్ డిల్లన్ ఒక తీర్పులో ఈ సూత్రమును స్పష్టపరచినాడు. రాష్ట్రము ఇచ్చిన అధికారమే నగరమునకు అధికారము, ఇయ్యనిది లేదు అనునది దాని సారాంశము. తరువాత అనేక రాష్ట్రములు నగరములకు కొంత స్వేచ్ఛను ఒసగినప్పటికిని ఆ సూత్రపు నీడ నేటికిని పూర్తిగా తొలగలేదు.

కావున ఈ సంస్థలు తమ మాట వినిపించుకొనుటకు సంఘములుగా ఏర్పడినవి. నగరముల జాతీయ సమాఖ్య 1924లోను, మేయర్ల సమ్మేళనము 1932లోను, కౌంటీల జాతీయ సంఘము 1935లోను పుట్టినవి. ప్రతి సంవత్సరము మేయర్లు, కౌంటీ సభ్యులు వాషింగ్టనుకు వెళ్లి, శాసనసభ్యులను కలిసి, తమ ఊరి లెక్కలు వారి ముందు పెట్టుదురు. ప్రభుత్వమే మరియొక ప్రభుత్వమునకు విజ్ఞప్తి చేసికొనుట విచిత్రముగా తోచవచ్చును. కాని ఓటు వేయు పౌరుడు ఒక్కడే అయినను అతనికి జవాబు చెప్పవలసిన ప్రభుత్వములు మూడు అయినప్పుడు, క్రింది మెట్టుననున్న ప్రభుత్వము పై మెట్టుననున్న దానికి గుర్తు చేయవలసిన అవసరము తప్పదు.

ఇక అమ్మకపు పన్ను సంగతి. ఆ దేశమున దేశమంతటికి వర్తించు అమ్మకపు పన్ను లేదు. 45 రాష్ట్రములు దానిని తమ తమ శాసనముల ప్రకారము వేయుచున్నవి. అలాస్కా, డెలావేర్, మోంటానా, న్యూ హాంప్‌షైర్, ఆరెగన్ రాష్ట్రములలో రాష్ట్రపు అమ్మకపు పన్ను లేదు. పలు రాష్ట్రములలో రాష్ట్రపు పన్నుపైన నగరములు, కౌంటీలు తమ వంతు కొంత చేర్చుకొనుటకు అనుమతి కలదు. టెక్సస్ రాష్ట్రమున రాష్ట్రపు పన్ను నూటికి 6.25, స్థానిక సంస్థల వంతు అన్నియు కలిసి నూటికి 2 మించరాదు. మొత్తము 8.25. డల్లాస్ పరిసరములలో నివసించు వేలాది తెలుగు కుటుంబములకు ఈ అంకె చిరపరిచితము. ప్రతి దుకాణపు రసీదు అడుగున అది కనిపించును. ఆ రెండు వంతులలోనుండి అగ్నిమాపకదళము, పార్కులు, గ్రంథాలయములు నడచుటకు కొంత ధనము సమకూరును.

ఊరిలోని దుకాణములో కొన్నప్పుడు చిక్కు లేదు. దుకాణదారుడు పన్ను వసూలుచేసి ప్రభుత్వమునకు కట్టును. వేరొక రాష్ట్రములోని వర్తకుడు కాటలాగు పంపి తపాలాలో సరకు అమ్మినప్పుడు చిక్కు మొదలైనది. మిస్సోరి రాష్ట్రములోని నేషనల్ బెల్లస్ హెస్ అను సంస్థ ఇల్లినాయ్ ప్రజలకు ఈ విధముగా బట్టలు, గృహోపకరణములు అమ్మినది. ఇల్లినాయ్ రాష్ట్రము పన్ను వసూలు చేయుమన్నది, సంస్థ కుదరదన్నది. 1967లో సుప్రీం కోర్టు సంస్థ పక్షమున తీర్పు చెప్పినది. ఒక రాష్ట్రములో దుకాణము గాని, గిడ్డంగి గాని, ఉద్యోగులు గాని లేని వర్తకుని చేత ఆ రాష్ట్రము పన్ను వసూలు చేయించరాదని దాని సారము. 1992లో క్విల్ అను కార్యాలయ సామగ్రి సంస్థకును ఉత్తర డకోటా రాష్ట్రమునకును నడచిన వ్యాజ్యములో ఈ నియమమునే కోర్టు నిలిపినది. అయితే అంతర్రాష్ట్ర వాణిజ్యముపై అధికారము కాంగ్రెసుది గనుక, కాంగ్రెసు తలచినచో శాసనముతో ఈ నియమమును మార్చవచ్చునని కూడ చెప్పినది.

ఇచ్చట ఒక సూక్ష్మమును గమనించవలెను. అట్టి సరకుపై పన్ను లేకపోలేదు. కొనువాడు తానే లెక్కకట్టి 'వినియోగపు పన్ను' పేరిట రాష్ట్రమునకు చెల్లించవలెను. శాసనము అట్లే ఉన్నది. కాని తాను తెప్పించుకొన్న చొక్కాకును, పుస్తకమునకును పన్ను తానే లెక్కకట్టి పంపినవారు ఎందరు? వ్రేళ్లమీద లెక్కించవచ్చును. పన్ను కాగితము మీద మిగిలినది, ఖజానాకు చేరలేదు.

1992 నాటికి ఇంటర్నెట్ వర్తకము ఇంకను పుట్టలేదు. తరువాతి పది పదునైదేండ్లలో అది ఊరూరికి వ్యాపించినది. అప్పుడు నగరముల కష్టము రెండు విధములుగా పెరిగినది. మొదటిది ఆదాయనష్టము. అమెరికా ప్రభుత్వ గణన పర్యవేక్షణ కార్యాలయము 2017లో వేసిన అంచనా ప్రకారము, వెలుపలి వర్తకులు పన్ను వసూలు చేయవలసియున్నచో ఆ ఒక్క సంవత్సరములోనే రాష్ట్రములకు, స్థానిక సంస్థలకు 800 కోట్లనుండి 1,300 కోట్ల డాలర్ల వరకు అదనముగా లభించియుండెడిది. రెండవది అన్యాయము. ఊరి నడివీధిలో దుకాణము నడుపువాడు ఆస్తిపన్ను కట్టును, ఊరి కుర్రవాండ్రకు ఉద్యోగము ఇచ్చును. నూరు డాలర్ల వస్తువునకు అతడు 108 డాలర్లు అడుగవలెను. ఎక్కడనో ఉన్న వర్తకుడు అదే వస్తువును నూరు డాలర్లకే పంపును. కొందరు దుకాణమునకు వచ్చి, వస్తువును చేతబట్టి చూచి, ఇంటికి పోయి ఇంటర్నెట్‌లో తెప్పించుకొనుట అలవాటు చేసికొన్నారు. వీధిలోని దుకాణము వెలుపలి వర్తకునకు కూలి లేని ప్రదర్శనశాల అయినది.

ఈ దశలో స్థానిక సంస్థలును రాష్ట్రములును మొర పెట్టుకొనుటతోనే తృప్తిపడలేదు. వర్తకుల వాదములోని బలమును గుర్తించినవి. పన్ను వేయు స్థానిక పరిధులు దేశమంతట పదివేలకు పైగా కలవు. ఒక్కొక్క చోట రేటు వేరు, వస్తువుల వర్గీకరణ వేరు. న్యూ జెర్సీలో కళాకృతికై కొన్న ఊలు దారమునకు పన్ను, స్వెట్టరు అల్లుటకు కొన్న దారమునకు పన్ను లేదు! ఇట్టి చిక్కులన్నియు చిన్న వర్తకునకు ఎట్లు తెలియును? అందుచేత 2002లో అనేక రాష్ట్రములు కలిసి అమ్మకపు పన్నును సరళముచేయు ఒడంబడికను రూపొందించినవి. నిర్వచనములు ఒకటే కావలెను, లెక్కలు చూపవలసిన కార్యాలయము రాష్ట్రమునకు ఒక్కటే ఉండవలెను, లెక్కకట్టు కంప్యూటరు సాధనమును వర్తకునకు అందుబాటులో ఉంచవలెను అనునవి అందులోని ముఖ్యాంశములు. 2005 అక్టోబరులో అది అమలులోనికి వచ్చినది.

కాంగ్రెసులోను ప్రయత్నము సాగినది. 2013 మే 6న సెనేటు ఈ విషయమై ఒక బిల్లును 69 ఓట్లు అనుకూలముగా, 27 ఓట్లు ప్రతికూలముగా ఆమోదించినది. రెండు పార్టీలవారును దానికి ఓటు వేసినారు. కాని ప్రతినిధి సభ దానిని చర్చకే తీసికొనలేదు. ఇది క్రొత్త పన్ను అని కొందరు, చిన్న వర్తకులు నలిగిపోవుదురని కొందరు అభ్యంతరపెట్టినారు. బిల్లు అచ్చటనే ఆగిపోయినది.

తాళపుచెవి చివరకు వేరొక చోట దొరికినది. దక్షిణ డకోటా రాష్ట్రమున ఆదాయపు పన్ను లేదు. అమ్మకపు పన్నే దానికి ఆధారము. వెలుపలి వర్తకులవలన తనకు ఏటా 4.8 కోట్లనుండి 5.8 కోట్ల డాలర్ల నష్టము కలుగుచున్నదని ఆ రాష్ట్రము అంచనా వేసికొన్నది. 2016లో ఒక శాసనము చేసినది. సంవత్సరమునకు లక్ష డాలర్లకు మించిన సరకు గాని, 200 విడివిడి అమ్మకములు గాని రాష్ట్రములో జరిపిన వెలుపలి వర్తకుడు పన్ను వసూలు చేయవలెనని దాని నియమము. పాత తీర్పులకు ఇది విరుద్ధమని తెలిసియే, వాటిని పునఃపరిశీలింపజేయు సంకల్పముతో చేసిన శాసనము ఇది. వేఫెయిర్ మొదలగు మూడు ఇంటర్నెట్ వర్తక సంస్థలు ప్రతివాదులైనవి. 2018 జూన్ 21న సుప్రీం కోర్టు 5-4 ఆధిక్యతతో రాష్ట్రము పక్షమున తీర్పు చెప్పి, 1967, 1992 తీర్పులను రద్దుచేసినది.

ప్రధాన తీర్పు వ్రాసిన న్యాయమూర్తి ఆంథొనీ కెనడీ, ఈ రాష్ట్రపు శాసనము చిన్న వర్తకులను మినహాయించుచున్నదనియు, పాత అమ్మకములకు వర్తించదనియు, రాష్ట్రము సరళీకరణపు ఒడంబడికలో చేరియున్నదనియు ప్రత్యేకముగా పేర్కొన్నాడు. పదునారేండ్ల క్రిందట చేసిన ఇంటిపని ఇచ్చట అక్కరకు వచ్చినది. ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్ మరి ముగ్గురితో కలిసి భిన్నాభిప్రాయము వ్రాసినాడు. పాత తీర్పు పొరపాటని ఆయనయు అంగీకరించినాడు. అయితే దానిని సరిదిద్దవలసినది కోర్టు కాదు, కాంగ్రెసు అని ఆయన వాదము. ఈ వాదమును తేలికగా త్రోసివేయరాదు. కాంగ్రెసు చేసియున్నచో దేశమంతటికి ఒకే నియమము ఉండెడిది. కోర్టు ద్వారా వచ్చుటచేత ఒక్కొక్క రాష్ట్రము తన హద్దులను తానే గీసికొన్నది. చిన్న వర్తకుని భారము పూర్తిగా తీరలేదు. దక్షిణ డకోటాయే 2023లో ఆ 200 అమ్మకముల నియమమును తొలగించి, లక్ష డాలర్ల హద్దును మాత్రమే ఉంచుకొన్నది.

తీర్పు వచ్చినంతనే ధనము నగరముల పెట్టెలో పడలేదు. దేవుడు వరమిచ్చినను పూజారి ఇయ్యవలె గదా! కోర్టు అనుమతించినది రాష్ట్రములను. రాష్ట్రములు శాసనములు చేయవలెను. చిన్న వర్తకుల సరకును తమ అంగడిలో ఉంచి అమ్మించు పెద్ద ఇంటర్నెట్ సంస్థలే పన్ను వసూలు చేయవలెనను శాసనములు ఒకదాని వెంట ఒకటి వచ్చినవి. అమ్మకపు పన్ను గల రాష్ట్రములలో చివరిదగు మిస్సోరి 2021లో శాసనము చేసి 2023 జనవరినుండి అమలుపరచినది. అలాస్కా కథ మరింత ఆసక్తికరము. అచ్చట రాష్ట్రపు పన్ను లేదు గాని కొన్ని పట్టణములు తమ పన్ను వేసికొనుచున్నవి. ఒక్కొక్క చిన్న పట్టణము విడిగా ఇంటర్నెట్ సంస్థలవద్దకు పోజాలదు. అందుచేత 2019లో ఆ పట్టణములే కలిసి ఒక ఉమ్మడి సంఘమును ఏర్పరచుకొని, అందరికి ఒకే నియమావళిని, ఒకే వసూలు కార్యాలయమును కల్పించుకొన్నవి.

ఈ కథలో స్థానిక సంస్థలన్నియు ఒకే వైపున ఉన్నవని అనుకొనరాదు. ఇంటర్నెట్‌లో ఇచ్చిన ఆర్డరు ఏ ఊరిలో జరిగిన అమ్మకము? సరకు పంపిన ఊరిదా, చేరిన ఊరిదా? టెక్సస్‌లో 2020లో రాష్ట్రపు లెక్కల అధికారి ఈ నియమమును సవరింపబూనగా, పెద్ద కంపెనీలు, గిడ్డంగులు ఉన్న రౌండ్ రాక్, కోపెల్ వంటి నగరములు తమ ఆదాయము పోవునని న్యాయస్థానమునకు వెళ్లినవి. వెలుపలి వర్తకునితో పోరాడునప్పుడు ఐకమత్యము సులభము. వచ్చినదానిని పంచుకొనునప్పుడు అది కష్టము.

ఇక విమానాశ్రయములు. అమెరికాలో ప్రయాణికుల విమానములు దిగు విమానాశ్రయములలో దాదాపు అన్నియు ప్రభుత్వ సంస్థలవే. నగరమో, కౌంటీయో, అవి ఏర్పరచిన మండలియో వాటికి యజమాని. డల్లాస్, ఫోర్ట్‌వర్త్ నగరముల మధ్యనున్న విశాల విమానాశ్రయము 1974లో ప్రయాణికులకు తెరచినది మొదలు ఆ రెండు నగరముల ఉమ్మడి ఆస్తి. పెద్ద వానికి సొంత ఆదాయము కలదు. చిన్న ఊరి విమానాశ్రయము సంగతి వేరు. అచ్చట దినమునకు ఒకటి రెండు ప్రయాణికుల విమానములు దిగవచ్చును, దిగకపోవచ్చును. కాని పొలములపై మందు చల్లు విమానములు అచ్చటినుండియే లేచును. ప్రాణాపాయమున ఉన్న రోగిని దూరపు ఆసుపత్రికి చేర్చు విమానము అచ్చటనే దిగును. కార్చిచ్చు రేగినప్పుడు దానిని ఆర్పువారికి అదియే స్థావరము. అట్టి రన్‌వే పగుళ్లు వారినప్పుడు మరమ్మతు ఖర్చు ఆ ఊరి శక్తికి మించియుండును.

అందుకై కేంద్రప్రభుత్వము 1946నుండి ఏదో ఒక రూపమున సహాయము చేయుచున్నది. 1970లో టికెట్టుపై పన్ను మొదలగువానితో ఒక ప్రత్యేక నిధి ఏర్పడినది. 1982లో ఆ నిధినుండి విమానాశ్రయముల అభివృద్ధికి ధనమిచ్చు ప్రస్తుత పథకము వచ్చినది. దానికి అర్హములైన విమానాశ్రయములు సుమారు 3,300. పెద్ద విమానాశ్రయములకు అర్హమైన ఖర్చులో సాధారణముగా నూటికి 75 వంతులు, చిన్న వానికి నూటికి 90 వంతులు లభించును. మిగిలినది యజమాని పెట్టుకొనవలెను. సొంత ఆదాయము లేని చిన్న విమానాశ్రయమునకు ఆ వంతు ఎచ్చటినుండి వచ్చును? తరచుగా నగరపు లేదా కౌంటీ సామాన్య ఖజానానుండి. ఆ ఖజానాను నింపువానిలో ముఖ్యమైనది అమ్మకపు పన్ను. ఆకాశమునకును అంగడికిని ముడి పడినది ఇచ్చటనే. ఊరిలో అంగడి మూతపడినచో ఊరి రన్‌వే మరమ్మతుకు చేతిధనము చాలదు. చేతిధనము చూపలేనిచో కేంద్రపు వంతును రాదు. ఇంకొక కట్టుబాటు కూడ కలదు. సహాయము పొందిన విమానాశ్రయపు ఆదాయమును నగరము వేరు పనులకు వాడరాదు. ఖజానా ధనము విమానాశ్రయమునకు పోవచ్చును గాని అచ్చటినుండి తిరిగి ఖజానాకు రారాదు.

అయినచో నగరము తన విమానాశ్రయమును వాడువారివద్దనే కొంత రుసుము తీసికొనరాదా? తీసికొన్నవి. ఇండియానా రాష్ట్రములోని ఇవాన్స్‌విల్ విమానాశ్రయము విమానమెక్కు ప్రతి ప్రయాణికునిపై ఒక డాలరు వేసినది. విమాన సంస్థలు దానిని 'తలపన్ను' అని నిందించి కోర్టుకు వెళ్లినవి. 1972లో సుప్రీం కోర్టు, సౌకర్యమును వాడుకొనువాడు న్యాయమైన మూల్యము చెల్లించుటలో తప్పు లేదని స్థానిక సంస్థ పక్షమున తీర్పు చెప్పినది. సంతోషము ఒక్క సంవత్సరము నిలిచినది. 1973లో కాంగ్రెసు శాసనము చేసి అట్టి పన్నులను నిషేధించినది. 1990లో 'ప్రయాణికుల సౌకర్య రుసుము' అను పేరున, కేంద్ర విమానయాన శాఖ అనుమతితో, 3 డాలర్ల వరకు వేయవచ్చునని కొంత సడలించినది. 2000లో ఆ హద్దును 4.50 డాలర్లకు పెంచినది. ఆ తరువాత పెంచలేదు.

ఈ రెండు చరిత్రలను ప్రక్క ప్రక్కన పెట్టి చూడుడు. అమ్మకపు పన్ను విషయమున కోర్టు కాదన్నది. కాంగ్రెసు ఇయ్యగలిగియు ఇయ్యలేదు. విమానాశ్రయపు రుసుము విషయమున కోర్టు ఔనన్నది. కాంగ్రెసు ఒక్క సంవత్సరములో తీసివేసినది. రెండు చోట్లను ప్రశ్న ఒక్కటే. రాష్ట్రముల మధ్య సాగు వర్తకమునకు ఆటంకము కలుగకుండ, స్థానిక సంస్థ తన ఖర్చును ఎవరివద్దనుండి రాబట్టుకొనవచ్చును? రెండు చోట్లను తుదిమాట స్థానిక ప్రజలు ఎన్నుకొన్నవారిది కాలేదు. పై ప్రభుత్వము చాలినంత ఇయ్యలేదు, తానై సంపాదించుకొననీయలేదు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అని మన తెలుగువారు ఇట్టి స్థితినే చెప్పినారు.

విమాన సంస్థల వాదమును వినవలసియున్నది. ప్రయాణికుని టికెట్టుపై ఇప్పటికే నూటికి 7.5 వంతుల కేంద్రపు పన్నును, మరికొన్ని రుసుములును కలవు. హద్దు పెంచినచో భారము ప్రయాణికునిదే. పెద్ద విమానాశ్రయములు ఋణపత్రముల ద్వారా ధనము సేకరించుకొనగలవు అని వారందురు. దానికి విమానాశ్రయములవారి సమాధానము కలదు. 2000నాటి నాలుగున్నర డాలర్లకు నేటి నిర్మాణపు ధరలలో విలువ ఎంతో తగ్గినది. పైగా సామానుకు విమాన సంస్థలు విడిగా తీసికొను రుసుముపై ఆ టికెట్టు పన్ను వర్తించదు. ఆ ధనములో ప్రత్యేక నిధికి వంతు లేదు. రెండు వాదములలోను నిజము కలదు. అందుచేతనే ఆ హద్దు కదలలేదు.

పై ప్రభుత్వముపై ఆధారపడుటలోని అపాయమును రెండు సంఘటనలు చూపినవి. విమానయాన శాఖకు అధికారమిచ్చు దీర్ఘకాలిక శాసనము 2007లో ముగిసినది. క్రొత్తది చేయలేక కాంగ్రెసు తాత్కాలిక పొడిగింపులు 23 సార్లు చేసినది. 2011 జూలైలో పొడిగింపు కూడ కుదరక, రెండు వారములపాటు ఆ శాఖలో సుమారు 4,000 మంది ఉద్యోగులు ఇండ్లకు పోవలసివచ్చినది. విమానాశ్రయములలో నిర్మాణపు పనులు నడిమధ్యన ఆగినవి. ఆ కాలమున టికెట్టు పన్ను వసూలు కూడ నిలిచినది. అయినను పెక్కు విమాన సంస్థలు టికెట్టు ధరను అంత మేరకు పెంచుకొన్నవి గనుక ప్రయాణికునకు లాభము చేకూరలేదు. నిధికి మాత్రము నష్టము మిగిలినది. 2012 ఫిబ్రవరిలో గాని క్రొత్త శాసనము రాలేదు.

రెండవది 2013 నాటిది. కేంద్ర వ్యయములో నిర్బంధపు కోతలు వచ్చి, ఒప్పందముపై నడచు 149 చిన్న కంట్రోల్ టవర్లను మూసివేయుదుమని మార్చిలో ప్రకటన వెలువడినది. చిన్న పట్టణముల మేయర్లు, కౌంటీలవారు ఆందోళన చెందినారు. చివరకు కాంగ్రెసు ఒక మార్గము చూపినది. విమానాశ్రయముల అభివృద్ధి నిధిలోనుండి 25.3 కోట్ల డాలర్ల వరకు తీసి వాడుకొనవచ్చునన్నది. టవర్లు నిలిచినవి, రన్‌వేలకు పోవలసిన ధనము తగ్గినది. ఇంటి దూలము తీసి పొయ్యిలో పెట్టినట్లయినది.

తరువాత కొంత మేలు జరుగకపోలేదు. 2021 నవంబరునాటి మౌలిక సదుపాయముల శాసనము విమానాశ్రయములకును, వాటి టెర్మినళ్లకును అయిదేండ్లకు 2,000 కోట్ల డాలర్లు కేటాయించినది. 2024 మేలో వచ్చిన విమానయాన శాసనము సాధారణ అభివృద్ధి పథకమునకు సంవత్సరమునకు 335 కోట్లుగా ఉన్న మొత్తమును 400 కోట్ల డాలర్లకు పెంచినది. అయితే సౌకర్య రుసుము హద్దును ఆ శాసనమును ముట్టలేదు. ధనము ఎక్కువైనది గాని తాళపుచెవి చేతులు మారలేదు.

ఒక తలుపు తెరచుకొని, మరొకటి తెరచుకొనకపోవుటకు కారణమేమి? మాకు తోచినది ఇది. అమ్మకపు పన్ను విషయమున నగరములు, రాష్ట్రములు, ఊరి దుకాణదారులు ఒక్కటైనారు. పన్ను క్రొత్తది కాదు. ఉన్నదానిని వసూలు చేయుటయే. వర్తకుని చిక్కును తగ్గించుటకు వారు ముందుగా శ్రమించినారు. విమానాశ్రయపు రుసుము విషయమున ప్రత్యర్థి బలవంతుడు. రుసుము టికెట్టుపై కంటికి కనిపించును. దానివలన నిలిచిన రన్‌వే మాత్రము కంటికి ఆనదు. బాగుగా ఉన్న రన్‌వేను ఎవరును గమనింపరు. స్థానిక సంస్థల కష్టమంతయు ఇందులోనే ఉన్నది. ధనము తీసికొనునప్పుడు అందరికిని తెలియును, దానివలన జరిగిన మేలు ఎవరికిని తెలియదు.

మన దేశమున ఏర్పాటు వేరు. 2017 జూలై 1న వచ్చిన వస్తు సేవల పన్నులో సరకు ఎచ్చట వినియోగింపబడునో ఆ రాష్ట్రమునకే రాష్ట్రపు వంతు చేరును. వరంగల్లులో కూర్చుండి బెంగుళూరునుండి తెప్పించుకొన్న వస్తువుపై రాష్ట్రపు వంతు తెలంగాణకు వచ్చును. ఇంటర్నెట్ అంగళ్లు తమద్వారా అమ్మువారినుండి కొంత పన్నును మూలముననే వసూలుచేసి కట్టవలెనను నియమము 2018 అక్టోబరునుండి అమలులోనున్నది. అమెరికా అర్ధశతాబ్ది పోరాడి సాధించినది మనకు శాసనములోనే లభించినది. కాని ఆ పన్నులో కేంద్రమునకును రాష్ట్రమునకును వంతులు ఉన్నవి గాని పురపాలక సంఘము తానుగా వేసికొనదగిన వంతు లేదు. 1993లో అమలులోనికి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పట్టణ సంస్థలకు రాజ్యాంగములో స్థానము కల్పించినది. ఏ పన్ను వేయవచ్చునో నిర్ణయించు అధికారము మాత్రము రాష్ట్ర శాసనసభలదే. డల్లాసు నగరమునకు లేని రాజ్యాంగ స్థానము మన విజయవాడకు కలదు. డల్లాసునకు ఉన్న అమ్మకపు పన్ను విజయవాడకు లేదు.

కనుక ఇది ఒక దూరదేశపు వింత వార్తగా భావింపదగినది కాదు. బాధ్యతను ఒకచోట, అధికారమును మరొకచోట ఉంచినప్పుడు ఏమి జరుగునో అమెరికా నగరముల అనుభవము చెప్పుచున్నది. ఆ రెంటికి మధ్యనున్న దూరమును పౌరుడు గుంటలు పడిన రోడ్డుగానో, ఆలస్యమైన మరమ్మతుగానో అనుభవించును. పురపాలక సంఘముపై కోపము వచ్చినప్పుడు, అది న్యాయమైన కోపమే కావచ్చును. అయినను దానితోపాటు ఇంకొక ప్రశ్న అడుగుట మంచిది. ఈ పనికి కావలసిన ధనమును సమకూర్చుకొను అధికారము ఎవరి చేతిలో ఉన్నది? ఆ ప్రశ్నకు జవాబు తెలిసిన పౌరుడు తన విన్నపమును సరియైన తలుపువద్దకు తీసికొనిపోగలడు.